జతమీటరు

జతమీటరు కనిపెట్టిన మనిషికి జత లేదన్న సంగతి శాఖలో ఒక్కరికీ తెలియదు. కాగితాల మీద ఉంది మరి. కాగితాల ప్రకారం పైడిరాజుకి తన్మయి అనే భార్య, విశాఖపట్నం పోర్టుకి దగ్గర్లో రెండు గదుల జంట క్వార్టరు, ఆరేళ్ళ కాపురం ఉన్నాయి. లోపలికెళ్ళి చూస్తే ఫ్రిజ్‌లో పై రెండు అరలు ఆమెవి, కింది రెండు అతనివి. ఎవరి గది వాళ్ళది, ఎవరి గిన్నె వాళ్ళది. ఆమె అతన్ని ‘రాజుగారూ’ అంటుంది, అతను ఆమెను ‘తన్మయిగారూ’ అంటాడు. ఆరేళ్ళయినా ఆ ‘గారు’ ఇద్దరి మధ్యా కదలకుండా కూర్చుని ఉంది.

ఇందులో వాళ్ళిద్దరినీ తప్పు పట్టి లాభం లేదు. ఒకటో తరగతిలో చేరే పిల్లలు లేక బడులు గోదాములైపోయిన రోజులవి. తాత కాలంలో పిల్లలిక చాలు, ఆపరేషన్ చేయించుకోండని కానుకలిచ్చిన ప్రభుత్వమే, మనవడి కాలానికి పెళ్ళాడండి, కనండి అని బతిమాలడం మొదలుపెట్టింది. బతిమాలితే పని జరగలేదు. అప్పుడు దీనికోసమే ఒక శాఖ తెరిచి జంట కార్డు పెట్టింది. కార్డుంటే క్వార్టరు ఇస్తారు, ఉన్న ఊళ్ళోనే ఉద్యోగం ఉంచుతారు, ఆసుపత్రిలో ముందు వరసలో చూస్తారు. ముప్పై అయిదు దాటినా కార్డు లేకపోతే ఊరి బయట సింగిల్స్ హాస్టలే గతి. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. అద్దెకిచ్చే ఇళ్ళవాళ్ళు కూడా ఒంటరి మనిషిని చూడగానే గేటు దగ్గరే దణ్ణం పెట్టి పంపేసేవారు.

తన్మయి పోర్టులో క్రేన్లు నడుపుతుంది. ఆమెకి పెళ్ళంటే పడదు, పిల్లలంటే అసలే పడదు, సముద్రం కనబడే కిటికీ అంటే మాత్రం ప్రాణం. పైడిరాజు అయిదో ఏటి నుంచి సంక్షేమ హాస్టల్లో పెరిగి, యూనివర్సిటీ హాస్టల్లో చదివినవాడు. ఈ జన్మకి ఆ రెండు హాస్టళ్ళూ చాలనుకున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట టీకొట్టు దగ్గర ఇలాంటి సంబంధాలు రోజుకి పది కుదురుతుండేవి. అక్కడే వీళ్ళదీ కుదిరింది. నెలకోసారి శాఖ నుంచి యంత్రం గొంతు ఫోన్ చేసి శుభవార్త ఏమైనా ఉందా అని అడిగేది. తన్మయి ఆవులిస్తూ, అంతా దేవుడి దయ అని పెట్టేసేది.

ఇలా కార్డులైతే లక్షల్లో ఇచ్చారుగానీ ఉయ్యాలలు ఊగలేదు. సగం జంటలు దొంగవని పెద్దలకి అనుమానం వచ్చింది. నిజమైన జంటను కనిపెట్టే యంత్రం ఒకటి కావాలన్నారు. పరిశోధనశాలలో శ్వాస లయల మీద పనిచేస్తున్న పైడిరాజు నెత్తిన ఆ పని పడింది. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. అందుకని కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక పనిలో లీనమైపోయాడు, అతని స్వభావమే అంత. మొదట లైబ్రరీలో పనిచేసే మొగుడూ పెళ్ళాలను పిలిచి, ఇద్దరి మణికట్లకీ రెండు పట్టీలు కట్టి, ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు. తెర మీద రెండు గీతలు దేని దారిన అది నడిచాయి. పావుగంట గడిచేసరికి ఆవిడ ఊపిరి కొంచెం నిదానించింది, ఆయనది కొంచెం తొందరపడింది, రెండు గీతలూ ఒకదానివైపు ఒకటి వంగాయి. వాళ్ళకా సంగతే తెలియదు, చట్నీలో కారం గురించి వాదించుకుంటున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూర్చోబెడితే గంటయినా గీతలు వంగలేదు. పైడిరాజు ఆ సాయంత్రం తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇంత చిన్న వంపు కోసం ఇంతమంది మనుషులు తాపత్రయపడతారా అనిపించి అతనికి అసూయ కలిగింది.

పరీక్ష భోజనం దగ్గరే ఎందుకు పెట్టాడంటే, దంపతులంటే ఎదురెదురుగా కూర్చుని తింటారని అతని నమ్మకం. ఎదుటి బ్లాకులో ఒక జంట అలాగే తినడం రోజూ తన గదిలోంచి చూసేవాడు. అంతకు మించి సంసారం ఎలా ఉంటుందో అతను ఎక్కడా చూసి ఎరగడు. నలభై నిమిషాల భోజనం, రెండు పట్టీలు, ఒక పెట్టె. శాఖ దానికి పెద్ద సంస్కృతం పేరు పెట్టింది, జనం జతమీటరు అన్నారు. కార్డున్న ప్రతి జంటా ఆ పరీక్షకి కూర్చోవాలి, తప్పితే కార్డు రద్దు.

జనం ఊరుకుంటారా? ఎంట్రన్సు పరీక్షలు రాసే పిల్లలు లేక బెంచీలకు బూజు పట్టిన కోచింగ్ సెంటర్లు ఒక్క నెలలో బోర్డులు మార్చేశాయి. ఇరవై క్లాసుల కోర్సు. నాలుగు అంకెలు లెక్కపెట్టి ముద్ద, నాలుగు లెక్కపెట్టి గుటక, మధ్యలో ఇద్దరూ ఒక్కసారి ఊపిరి. అలా ఇరవై రోజులు తింటే గీతలు వంగక చస్తాయా? తన యంత్రాన్ని మోసం చెయ్యడం నేర్చుకోవడానికి పైడిరాజు కూడా మాస్కు పెట్టుకుని, తన్మయితో కలిసి వెనక బెంచీలో కూర్చున్నాడు. పదకొండో క్లాసులో మాస్టారు, సిగ్గుపడుతూ వడ్డించండమ్మా అన్నప్పుడు తన్మయికి నవ్వాగక పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా అతని వైపు చూసి ఇంకా నవ్వింది. ఆ తర్వాత పైడిరాజుకి అంకెలు కుదరలేదు. ఆమె అంటే ఇష్టమని, ఆ ఇష్టం కాగితానికి సంబంధించినది కాదని ఆ రోజే అతనికి తెలిసింది. ఆమెకి మాత్రం తెలియనివ్వలేదు. పరీక్ష పాసయ్యారు. పాసయిన మర్నాటి నుంచి మళ్ళీ ఎవరి గిన్నె వాళ్ళది.

పరిశోధనశాల డైరెక్టరు రెహానా మేడమ్‌కి అరవై దాటాయి, మాట కచ్చితం. ఒకరోజు ఆవిడ పైడిరాజును పిలిచి ఒక ఫిర్యాదు కాగితం ముందుకు తోసింది. భీమిలి దాటాక ఒక మత్స్యకార పేటలో అప్పన్న, దాలమ్మ అనే దంపతులు జతమీటరు పరీక్షలో తప్పారు. కార్డు రద్దయింది. నెలలోగా అతను మగవాళ్ళ హాస్టల్‌కీ, ఆమె ఆడవాళ్ళ హాస్టల్‌కీ పోవాలి. ఆవిడకి ఎనిమిదో నెల. ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఇలాంటి ఫిర్యాదులు పదకొండు వందలు వచ్చాయని, ఒకటయినా స్వయంగా చూసి రమ్మని మేడమ్ అంది.

పైడిరాజు పెట్టె పట్టుకుని మధ్యాహ్నానికి వాళ్ళింటికి చేరాడు. అప్పన్న తల వంచుకుని మంచినీళ్ళిచ్చాడు. దాలమ్మ మాత్రం గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

“ఇద్దర్ని కన్నాం, ఇది మూడోది. మేం మొగుడూ పెళ్ళాం కాదని ఆ పెట్టి సెప్పిందంట. మరి ఈ కడుపులోది ఎవురిదో అదే సెప్పమనండి బాబూ.”

పైడిరాజు పెట్టె తెరిచాడు. పట్టీలు కట్టి, పరీక్ష సంగతి మర్చిపోయి మీరు రోజూ ఎలా తింటారో అలాగే తినమన్నాడు. అప్పన్న పీట మీద కూర్చున్నాడు. దాలమ్మ కూర్చోలేదు. కూర గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి, అతని పళ్ళెంలో చేప ముక్కలో ముల్లు కనబడితే వంగి తీసేస్తూ, లోపలికీ బయటికీ తిరిగింది. మనిషి మోయలేని బరువు మోస్తూ తిరుగుతుంటే గీత ఇంకెక్కడ వంగుతుంది? తెర మీద రెండూ తలో దారీ పట్టాయి.

పరీక్ష రోజున ఎలా తిన్నారని పైడిరాజు అడిగాడు.

“ఎదురుగా కూకోమన్నారు. మాయత్త సూస్తుండగా ఆయన ముందర నాకు ముద్దెలాగ దిగుద్ది బాబూ? సిగ్గుతో సచ్చిపోనాను.”

అప్పన్న తినేసి అరుగు మీద వల బాగుచేసుకోవడానికి వెళ్ళాడు. అప్పుడు దాలమ్మ లోపల గోడవార చతికిలబడి, అతను తిన్న పళ్ళెంలోనే అన్నం పెట్టుకుని నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. మధ్యలో మట్టి గోడ ఉంది. ఒకళ్ళకొకళ్ళు కనబడరు. పైడిరాజు పట్టీలు విప్పించడం మర్చిపోయి తెర చూస్తున్నాడు. గీతలు వంగడం మొదలైంది. లోపల ఆమెకి దగ్గొస్తే బయట వల అల్లే చెయ్యి ఆగింది, దగ్గు తగ్గాక కదిలింది. రెండు గీతలూ లైబ్రరీ దంపతుల గీతల కంటే దగ్గరగా వచ్చి, ఆవిడ చెయ్యి కడుక్కునేదాకా అలాగే కలిసి నడిచాయి.

ఎదురెదురుగా కూర్చోవడంలో ఏమీ లేదు. పక్కన ఒక మనిషి ఉన్నాడని తెలిసి, ఎవరి పని వాళ్ళు చేసుకోవడంలో ఉంది. తల్లి తండ్రికి వడ్డించడం ఒక్కసారి చూసి ఉన్నా ఈ ముక్క తనకి తెలిసి ఉండేది. తెలియనివాడు యంత్రం తయారుచేసి పదకొండు వందల ఇళ్ళను చీల్చాడు. దాలమ్మ మజ్జిగ ఇస్తే తీసుకోవడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు.

దిద్దుకోవడం పెద్ద పని కాదు. భోజనం పరీక్ష తీసేసి, దంపతులిద్దరికీ ఇంట్లో పగలల్లా పట్టీలు ఉంచితే చాలు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏ కోచింగ్ సెంటరూ మనిషి ఊపిరిని పట్టి ఉంచలేదు. దొంగ జంటలు ఇట్టే దొరికిపోతాయి. వాటిలో మొదటిది ఏదో పైడిరాజుకి తెలుసు.

బస్సులో వస్తూ దారి పొడుగునా అదే ఆలోచించాడు. నోరు మూసుకుంటే పదకొండు వందల కాపురాలు పోతాయి, తన్మయి తన ఇంట్లో ఉంటుంది. నోరు విప్పితే తన్మయి వెళ్ళిపోతుంది. ఉదయం ఆమె గదిలో అలారం మోగడం, ఆమె చెప్పులు వేసుకునేటప్పుడు గోడకి చెయ్యి ఆనించడం, సాయంత్రం తాళం తిరిగిన చప్పుడు. అతని బతుకులో ఉన్న సందడి అంతే. అది కూడా లేకుండా ఉండటం ఎలాగో అతనికి తెలియలేదు.

ఇంటికొచ్చి ఆమెకే చెప్పేశాడు. తన్మయి వంటింట్లో నిలబడి ఉప్మా తింటోంది. ఇష్టం సంగతి తప్ప తక్కినదంతా చెప్పాడు. ఆమె చెంచా పక్కన పెట్టి శ్రద్ధగా విని, ఆవిడకి ఎన్నో నెలన్నారు అని అడిగింది. ఎనిమిదో నెలన్నాడు.

“మరి ఇంకేం ఆలోచిస్తున్నారు రాజుగారూ? దిద్దేయండి. మనిద్దరం ఎక్కడో ఒకచోట బతికేస్తాం.”

అంత తేలిగ్గా అనేసి గిన్నె కడుక్కుంది. ఆ కిటికీ కోసమే ఆమె అతన్ని పెళ్ళి చేసుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని దాలమ్మ కోసం దాన్ని ఒక్క మాటలో వదిలేసింది. ఇలాంటి మనిషిని ఇష్టపడకుండా ఉండటం తన వల్ల కాలేదని పైడిరాజు తనను తాను మన్నించుకున్నాడు. ఆ రాత్రి పడుకున్నవాడికి ఇంకో ఊహ కూడా వచ్చింది. అప్పన్నకీ దాలమ్మకీ మధ్య ఉన్నది గోడే. తన గదికీ ఆమె గదికీ మధ్య ఉన్నదీ గోడే. ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనుషులు, ఏమో, ఆమెకే తెలియకుండా ఆమె గీత కూడా కాస్త వంగి ఉండకూడదా? ఆశ పడకూడదనుకుంటూనే పడ్డాడు.

కొత్త పద్ధతిని ముందు ఇరవై ఇళ్ళలో చూశారు. మూడిళ్ళలో వింత కనబడింది. భార్య గీత పొద్దుట్నుంచీ వంగే ఉంది, భర్తది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. రెంటినీ కలిపి సగటు తీస్తే ఆ మూడూ ఆదర్శ దాంపత్యాల కింద పాసయిపోతున్నాయి. లెక్కల విభాగం వాళ్ళు సగటే సులువన్నారు. పైడిరాజు ఒప్పుకోలేదు. రెండు గీతలూ వంగాలి, ఒకటే వంగితే అది జంట కాదని పట్టుబట్టి నియమం రాయించాడు. నియమం కింద శాఖ తన షరతు ఒకటి చేర్చింది. పాసయిన జంట రెండేళ్ళలో బిడ్డను చూపాలి, లేకపోతే డాక్టర్ల పర్యవేక్షణకి ఒప్పుకోవాలి. మొదటి పరీక్ష కనిపెట్టినవాడి ఇంట్లోనే జరగాలని, లేకపోతే జనం నమ్మరని రెహానా మేడమ్ అంది. అతను తలూపాడు.

ఆదివారం ఉదయం ఏడింటికి ఇద్దరూ పట్టీలు కట్టుకున్నారు. తన్మయికి సెలవు. కాసేపు మళ్ళీ పడుకుంది. లేచి మిక్సీ విప్పి బాగుచేసింది. దొండకాయ వేపుడు చేసుకుంది. కిందికి వెళ్ళి పాలు తెచ్చుకుంది. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఓడలు చూస్తూ ఏదో పాట కూనిరాగం తీసింది. పైడిరాజు ముందుగదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఎన్ని పేజీలు తిప్పాడో, ఏం చదివాడో అడిగితే చెప్పలేడు. ఆరింటికి ఆమె పట్టీ విప్పి అతని చేతిలో పెట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.

సోమవారం పొద్దున్నే పరిశోధనశాల తలుపు వేసుకుని పదకొండు గంటల గీతలను తెర మీద పరిచాడు.

ఆమె గీత అందంగా ఉంది. ఏ దిగులూ లేని మనిషి గీత. మిక్సీ తిరిగినప్పుడు చిన్నగా ఎగిరింది, నాలుగింటికి ఏదో పెద్ద ఓడ రేవులోకి వచ్చినప్పుడు నిండుగా సాగింది. తక్కిన రోజంతా తన దారిన తను నడిచింది. ఎటూ వంగలేదు.

అతని గీత పొద్దుట్నుంచీ వంగే ఉంది. ఆమె పడుకుంటే నిదానించింది, ఆమె వంటింట్లో తిరిగితే తొందరపడింది. ఆమె పాలకి వెళ్ళిన పన్నెండు నిమిషాలూ దారి తప్పి తిరిగి, తాళం చప్పుడు కాగానే మళ్ళీ ఆమె గీత పక్కకి చేరింది. ఇరవై ఇళ్ళలో ఇంత వంపు అతను చూడలేదు. దాలమ్మ గీత కూడా ఇంత వంగలేదు.

వేలు దానంతటదే సగటు మీట మీదికి వెళ్ళింది. నొక్కాడు. జంట ఉత్తీర్ణం, అది కూడా మంచి మార్కులతో. ఆ ఒక్క వంపూ ఇద్దరికీ సరిపోయింది. నియమం రాసినవాడు తనే, మార్చమంటే లెక్కల విభాగం సంతోషంగా మారుస్తుంది. తన్మయి ఇక్కడే ఉంటుంది, కిటికీ ఉంటుంది. రెండేళ్ళలో డాక్టర్లు కూడా వస్తారు. బిడ్డ వద్దనుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కారణాలు అడుగుతారు. తన వంపు చూపించి ఆమెను కట్టేసినట్టవుతుంది. పైడిరాజు సగటు చెరిపేశాడు. కళ్ళు తుడుచుకుని, మొహం కడుక్కుని, కాగితం డైరెక్టరు గదికి తీసుకెళ్ళాడు.

రెహానా మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని రెండు గీతలనూ చివరిదాకా చూసింది. ఇందులో ఒకటి వంగింది కదా రాజూ అంది. నియమం రెండింటికీ మేడమ్ అన్నాడు. ఆవిడ సంతకం పెట్టి, ఇంటికి వెళ్ళే కాగితంలో గీతలు వద్దు, ఫలితం ఒక్కటి చాలని గుమాస్తాకి చెప్పింది. పదకొండు వందల కార్డులు వెనక్కిచ్చే ఉత్తర్వు మీద కూడా అప్పుడే సంతకం చేసింది. అందులో అప్పన్న, దాలమ్మల పేర్లున్నాయో లేదో పైడిరాజు వేలు పెట్టి చూసుకున్నాడు.

సాయంత్రం అతను వచ్చేసరికి తన్మయి అప్పుడే డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని వచ్చింది. ఏమైందని అడిగింది. ఫెయిలయ్యామన్నాడు. నెల రోజుల గడువిచ్చారన్నాడు. ఆమె ఒక్క నిమిషం కిటికీ వైపు చూసి, పోనీలెండి అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఇటు తిరిగింది.

“ఇద్దరిదీనా రాజుగారూ? ఇద్దరి గీతలూ వంగలేదా?”

“ఇద్దరివీ వంగలేదు,” అన్నాడు.

తన్మయి మొహం తేటపడింది.

“హమ్మయ్య. ఒక్కళ్ళదే వంగి ఉంటే పాపం, వాళ్ళకెంత కష్టం చెప్పండి.”

“అవును, కష్టమే,” అన్నాడు పైడిరాజు. ఆమె సామాన్లు సర్దుకోవడానికి అట్టపెట్టెలు కావాలి కదా, షాపు మూసేలోగా తెస్తానని చెప్పి కిందికి దిగాడు.